నీలి జెండా మీద పేరు

ఆ ఆదివారం జెర్సీ సిటీ తెలుగు క్రైస్తవ సంఘంలో, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల సమయానికి సుందర్ రాజ్ లేచి నిలబడగానే, ముందు వరుసల్లోని వాళ్ళు ఫోన్లు బోర్లించి పక్కన పెట్టుకున్నారు. ఆయన మాట్లాడితే ఎవరికైనా వినబుద్ధి పుడుతుంది. సంఘంలో పెద్ద. వారం పొడుగునా ఆయన ఇంకా పెద్ద మనిషి. కెనడాకు వెళ్ళే రైళ్ళ డిపోనూ టెర్మినల్‌నూ నది ఒడ్డు నుంచి పెకలించి, ఊరవతల చిత్తడి నేలల్లో కొత్తగా కట్టిన చోటికి తరలించే పనికంతటికీ ఆయనే డైరెక్టరు. పాత డిపో నేల అప్పటికే అద్దాల మేడలు కట్టేవాళ్ళ చేతికి వెళ్ళిపోయింది. ఖాళీ చెయ్యడమే మిగిలింది.

"ప్రభువు నామానికి మహిమ కలుగును గాక," అన్నాడాయన మైకు సవరించుకుంటూ. "మొన్న గురువారం ఏం జరిగిందో చెప్తాను, వినండి. కొత్త టెర్మినల్‌కి ఒక రైలు పంపాలి. అక్కడ కస్టమ్స్ వాళ్ళూ, కెనడా ఆఫీసర్లూ వెయిట్ చేస్తున్నారు. ఇక్కడ చూస్తే పట్టాల మీద ఒక నీలి జెండా. అది ఉన్నంతసేపూ ఇంజను రాకూడదంట! వేసినవాడు లంచ్‌కి పోయాడో, ఇంటికే పోయాడో, చుట్టుపక్కల మనిషి లేడు. నాకు చెమటలు పట్టేశాయి. కళ్ళు మూసుకుని, ప్రభువా, ఈ అడ్డు తొలగించు అన్నాను. నీకు చేతులెందుకిచ్చానురా అని ఆయన అడిగినట్టనిపించింది. నేనే వెళ్ళి తీసి పక్కన పెట్టాను. అంతే! రైలు టైముకి చేరింది. చిన్న ఆటంకం కూడా లేదు."

హాలంతా నవ్వింది. "స్తోత్రం! హల్లెలూయ!" అన్నారు అందరూ. నాలుగో వరుసలో భర్త పక్కన కూర్చున్న పర్సిస్ నోటి నుంచి కూడా అలవాటు కొద్దీ "స్తోత్రం" వచ్చింది. వచ్చిన మరుక్షణం ఆమె నాలుక కరుచుకుంది.

ఆ హాల్లో నీలి జెండా అంటే ఏమిటో తెలిసినది ఆమె ఒక్కతికే. పర్సిస్ అదే డిపోలో బ్రేకుల ఇంజినీరు. జెండా అంటే గుడ్డ కాదు, చేటంత నీలి రేకు. రైలు కింద పనికి దిగే ముందు, ఇంజను వచ్చే వైపు పట్టా మీద దాన్ని బిగించి, దిగేవాళ్ళ పేరున్న పలక దానికి తగిలిస్తారు. కింద మనుషులున్నారు, ఈ రైలును తాకవద్దు అని దాని అర్థం. దాన్ని వేసినవాళ్ళే తియ్యాలి. వాళ్ళ పైవాడు తియ్యకూడదు, కంపెనీ యజమాని తియ్యకూడదు. ఈ దేశపు రైళ్ళలో అంత కఠినమైన నియమం ఇంకొకటి లేదు. పట్టాల నడుమ గుంతలో నిలబడి, చక్రాల మధ్య చేతులు పెట్టి పనిచేసే మనిషికి ఆ రేకు తప్ప వేరే దిక్కు లేదు.

గురువారం మధ్యాహ్నం ఆ రైలు కింద ఎవరూ లేకపోవడం నిజమే కావచ్చు. కాని సుందర్ రాజ్‌కు ఆ సంగతి తెలియదు. తెలియకుండానే తీశాడు.

ఆరాధన అయ్యాక కింది హాల్లో భోజనాలు. సుందర్ రాజ్ భార్య దేవకుమారి ఆప్రాన్ కట్టుకుని రేకు ట్రేలలోంచి బిర్యానీ వడ్డిస్తోంది. పర్సిస్ ప్లేటు పట్టుకుని, ఆయన పక్కన చోటు ఖాళీ అయ్యేదాకా కాచుకుంది.

"అంకుల్, ఒక్క మాట."

"చెప్పు తల్లీ."

"ఆ జెండా... కింద ఎవరైనా ఉండి ఉంటే?"

"ఎవరూ లేరమ్మా. వంగి చూశాను కదా."

"వంగితే గుంతలో ఉన్నవాళ్ళు కనబడరు అంకుల్. రైలు పెట్టె అడుగున ఉండే సామానే అడ్డం వస్తుంది."

ఆయన ముక్క కొరుకుతూ భార్య వైపు తిరిగాడు. "విన్నావా కుమారీ? మన పర్సిస్ నాకు సేఫ్టీ క్లాస్ తీసుకుంటోంది."

"తీసుకోనివ్వండి. నా మాట ఎలాగూ వినరు, దాని మాటైనా వినండి," అంది దేవకుమారి, గరిటెతో ట్రే అంచు కొట్టి. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పర్సిస్ కూడా నవ్వవలసి వచ్చింది.

నవ్వులు సద్దుమణిగాక ఆయన గొంతు తగ్గించాడు. "చూడమ్మా. ఈ మూవ్ అయిపోయేదాకా నా మీద ఎంత ప్రెషర్ ఉందో నీకు తెలుసు. నీ గ్రీన్‌కార్డ్ పిటిషన్ నా టేబుల్ మీదే ఉంది. ఈ షిఫ్టింగ్ పూర్తవగానే ఫస్ట్ అదే చేస్తాను. ఈలోపు ఎవరైనా కంప్లైంట్ అని మొదలెట్టారనుకో, ప్రాజెక్ట్ ఆగిపోతుంది. ప్రాజెక్ట్ ఆగితే ఎవరి ఫైలూ కదలదు. అర్థమైందా? తిను, తిను. కుమారీ, అమ్మాయికి లెగ్ పీస్ వెయ్యి."

ఆ మాటల్లో కోపం లేదు. బెదిరింపూ లేదు. నిజంగా తినమనే అన్నాడు. పర్సిస్ ఈ దేశం వచ్చిన కొత్తలో విమానాశ్రయానికి కారు తెచ్చినది ఆయన. ఆమెకు ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రిలో తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసినదీ, ఈ ఉద్యోగంలో పెట్టించినదీ ఆయనే. అటువంటి మనిషిని ఎదిరించడానికి కావలసిన మాటలు ఆమెకు ఎవరూ నేర్పలేదు. లెగ్ పీస్ తినలేక కాగితపు రుమాలులో చుట్టి చెత్తబుట్టలో వేసింది.

ఇంటికి వచ్చాక భర్త షాలేం రాజుతో చెప్పింది. అతని ఉద్యోగం వేసవిలో పోయింది. ఇప్పుడు భార్య వీసా నీడన ఈ దేశంలో ఉన్నాడు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని దరఖాస్తులు పంపడమే అతని పని.

"నాతో పనిచేసే మార్విన్‌కి చెప్పేస్తానండీ. వాడికి తెలియాలి. వాడు రోజూ ఆ గుంతలో దిగుతాడు," అంది.

"చెప్పు. వాడేం చేస్తాడు?"

"యూనియన్‌కి చెప్తాడు."

"యూనియన్ వాళ్ళు అంకుల్‌ని అడుగుతారు. అంకుల్ ఫస్ట్ ఏం ఆలోచిస్తాడు? నేను చర్చిలో చెప్పిన మాట బయటికెలా పోయిందీ అని. ఆ హాల్లో రైలు బ్రేకుకీ కారు బ్రేకుకీ తేడా తెలిసినవాళ్ళు ఎవరున్నారు పర్సీ, నువ్వు తప్ప?" అని షాలేం రాజు కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. "నేను చెప్పొద్దనట్లేదు. కొంచెం ఆగమంటున్నా. మూవ్ అయిపోనీ. కొత్త చోట అన్నీ ఆటోమేటిక్ అంటున్నావు కదా."

"ఆగేలోపు ఏమైనా అయితే?"

అతను కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని కంప్యూటర్ వైపు తిరిగాడు. అతనికీ భయంగానే ఉందని ఆమెకు అర్థమైంది. తన భయాన్ని ఇంకొకరు పంచుకుంటే తేలికవుతుందని ఆశపడి చెప్పిన మనిషికి, అది రెండింతలైంది.

ఆ వారమంతా పర్సిస్ ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని పనిచేసింది. పాత డిపో చూస్తూ ఉండగానే బోసిపోతోంది. లారీలు వచ్చి బల్లలూ, బీరువాలూ, పనిముట్ల పెట్టెలూ మోసుకుపోతున్నాయి. ఇదివరకు ఏ లైనులోనైనా పని జరుగుతుంటే, ఇంజను అటు మళ్ళకుండా, పట్టాలు మార్చే పాయింట్లకు తాళం వేసి, తాళం చెవి జేబులో పెట్టుకుని దిగేవారు. జెండా మాట చెల్లకపోయినా ఇనుప తాళం కాపాడేది. ఆ తాళాలున్న పెట్టెను కూడా ఎవరో లారీ ఎక్కించేశారు. అది కొత్త టెర్మినల్‌లో, ఇంకా విప్పని సామాను గుట్టల్లో ఎక్కడో ఉంది. తెప్పించమని పర్సిస్ అడిగితే, నాలుగు రోజుల భాగ్యానికి ఎందుకన్నారు. పాత డిపోలో ఇక మిగిలింది రేకు జెండాలూ, వాటిని గౌరవించే మనుషుల మర్యాదా.

గుంతలో ఉన్నప్పుడు దూరాన ఏ ఇంజను గర్జించినా ఆమె చేతులు చక్రం దగ్గర నుంచి వాటంతట అవే వెనక్కి వచ్చేసేవి. పైన ఎవరైనా నడిస్తే పని ఆపి, ఆ అడుగులు దాటిపోయేదాకా చెవి ఒగ్గి వినేది.

"నీకేమైంది పర్సీ? దెయ్యం చూశావా?" అని మార్విన్ అడిగాడు. అతను జెర్సీలోనే పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి. ఆ డిపోలోనే నెరిసిన తల. పర్సిస్‌తో జతగా పనిచేస్తాడు. గుంతలో ఉన్నంతసేపూ ఏదో ఒక కూనిరాగం తీస్తూనే ఉంటాడు.

"ఏం లేదు. సరిగ్గా నిద్ర పట్టలేదు."

"మూడు రోజులుగా అదే మాట. మీ ఆయన గురక పెడతాడా? వేరే గదిలో పడుకోబెట్టు. నా రెండో పెళ్ళి అలాగే నిలబడింది."

ఆమె నవ్వింది. ఆ నవ్వు వెనకాలే చెప్పవలసిన మాట గొంతు దాకా వచ్చింది. మార్విన్, మన డైరెక్టర్ జెండా తీస్తాడు, జాగ్రత్త. అంతే. ఇంగ్లీషులో అయితే ఇంకా చిన్న మాట. ఆ మాట వెనక పిటిషన్ కనబడింది, కంప్యూటర్ ముందు కూర్చున్న షాలేం రాజు వీపు కనబడింది, పెట్టెలు సర్దుకుని ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్ కనబడింది. మాటను మింగేసింది. మింగినందుకు తనను తాను అసహ్యించుకుంది కూడా. కాని అసహ్యం వల్ల మార్విన్‌కు ఒరిగేదేముంది? అతను మళ్ళీ తలవంచుకుని, చక్రానికీ బ్రేకు దిమ్మకూ మధ్య మోచేతి దాకా చెయ్యి దూర్చాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళే రైల్లో, కమ్మీ పట్టుకుని నిలబడి ఉండగా ఆమెకు ఒక ఉపాయం తట్టింది.

సుందర్ రాజ్ అంకుల్‌కు జెండా అంటే లెక్కలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి వేసిన అడ్డం అది. ఆ జెండాకు తన పేరు వేలాడుతుంటే? పర్సిస్ అని చూస్తే? తలమీద చెయ్యి వేసి ప్రార్థన చేసిన పిల్ల కింద ఉందని తెలిస్తే ఆయన చెయ్యి ఆగదా? ఎవరికీ ఫిర్యాదు చెయ్యక్కరలేదు. ఎవరి పరువూ పోదు, ఎవరి ఫైలూ ఆగదు. మార్విన్ క్షేమంగా ఉంటాడు, తనూ క్షేమంగా ఉంటుంది. ఎంత ఆలోచించినా ఆ ఉపాయంలో ఆమెకు లోపం కనబడలేదు. కనబడదు కూడా. రూలు దగ్గర ఆగనివాడు మనవాళ్ళ దగ్గర ఆగుతాడని నమ్మే ఇళ్ళలో పుట్టి పెరిగిన పిల్ల ఆమె. ఆఫీసుకు వెళ్తే తెలిసినవాళ్ళు ఎవరున్నారని మొదట ఆరా తీసే జనం మనం. తెలిసినవాడే కాపాడతాడన్న ధైర్యంతోనే సముద్రాలు దాటి వచ్చాం.

మర్నాడు మార్విన్‌తో, "ఇకనుంచి మన జెండా నేను వేస్తాను. నా పేరు పలకే పెడతాను," అంది.

"ఎందుకు? నా పేరుకు తుప్పు పట్టిందా?"

"ఇక్కడి చివరి రోజులు కదా. గుర్తుగా ఉంటుంది."

మార్విన్ ఆమెను కాసేపు తేరిపార చూశాడు. "నువ్వేదో దాస్తున్నావు. సరే, దాచుకో," అని తన పలక తీసి జేబులో వేసుకున్నాడు. "నా రెండు చేతులూ నీ పేరుకు తగిలిస్తున్నాను, ఇంజినీరు గారూ. పారెయ్యకు."

శనివారం మధ్యాహ్నం ఆఖరి రైలు వెళ్ళాలి. ఆ రైలే కొత్త టెర్మినల్ నుంచి మొట్టమొదటి ప్రయాణికులతో మాంట్రియల్ బయలుదేరుతుంది. అక్కడ బ్యాండు మేళం దిగింది. రెండు దేశాల అధికారులూ కుర్చీల్లో కూర్చున్నారు. ఇక్కడ, ఖాళీ డిపోలో, ఇంజను లేని పెట్టెలు వరుసగా నిలబడి ఉన్నాయి. మొదటి పెట్టెకు బ్రేకు పట్టేసింది. వదలడం లేదు. సరిచెయ్యకుండా పంపితే దారిలో చక్రం కాలిపోతుంది. సరిచెయ్యాలంటే ఆ పెట్టెల బ్రేకులన్నీ వదులు చెయ్యాలి. అప్పుడు ఎవరు తోసినా కదిలే స్థితిలో ఉంటాయవి.

పర్సిస్ స్వయంగా జెండా మోసుకువెళ్ళి పట్టా మీద బిగించింది. తన పేరు పలక తగిలించి, ఇంజను వచ్చే దారి వైపు, డైరెక్టరు ఆఫీసు వైపు కనబడేలా తిప్పింది. వెనక్కి నాలుగడుగులు వేసి చూసుకుంది. తెల్లటి అక్షరాలు ఎండలో స్పష్టంగా కనబడుతున్నాయి. వారం రోజుల్లో మొదటిసారి ఆమె గుండె మీద బరువు కొంచెం దిగింది. మెట్లు దిగి గుంతలోకి వెళ్ళింది.

మార్విన్ అప్పటికే పనిలో ఉన్నాడు. పక్క లైనులో గాలి యంత్రం గుడగుడలాడుతోంది. చెవులకు అడ్డాలు పెట్టుకుని అతను తన పాట తను పాడుకుంటున్నాడు. గుంతలో నిలబడితే పట్టా సరిగ్గా కళ్ళకు ఎదురుగా ఉంటుంది. పట్టా పొడుగునా చూస్తే, పెట్టె నీడ అంతమయ్యే చోట ఎండలో ఆమె జెండా కింది అంచు కనబడుతోంది.

కాసేపటికి ఆ అంచు పక్కకు రెండు బూట్లు వచ్చి ఆగాయి.

గోధుమరంగు తోలు బూట్లు. డిపోలో ఇనుప ముక్కు బూట్లు వేసుకోకుండా తిరిగే మనిషి ఒక్కడే. పర్సిస్ చేతిలోని పానా ఆగిపోయింది. బూట్లు ఒకసారి అటు తిరిగాయి. మళ్ళీ ఇటు తిరిగాయి. ఒక చెయ్యి కిందికి వచ్చి పేరు పలకను పట్టుకుంది. బొటనవేలితో దాని మీది దుమ్ము తుడిచింది.

చదువుతున్నాడు, అనుకుంది పర్సిస్. చదివాడు. ఇక వెళ్ళిపోతాడు.

ఆ చెయ్యి పలకను వదిలి, కిందికి జారి, మర వదులు చేసి, జెండాను పట్టా మీద నుంచి ఎత్తేసింది.

పర్సిస్ జెండా వైపు ఒక అడుగు వేసింది. కేక వెయ్యాలని నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారికి "అంకుల్!" అన్న మాట వచ్చింది. యంత్రం రొదలో అది ఆమెకే సరిగా వినబడలేదు. బూట్లు వెనక్కి నడిచాయి. చెయ్యి ఒకటి గాలిలో ఊగి, ఎవరినో రమ్మని పిలిచింది. పట్టాలో సన్నటి వణుకు మొదలైంది. ఆ వణుకు ఆమెకు తెలుసు. దూరం నుంచి ఇంజను వచ్చేటప్పుడు ముందుగా ఇనుముకే తెలుస్తుంది.

మెట్లు ఆమె వెనకే ఉన్నాయి. పరుగెత్తి ఎక్కి చేతులూపవచ్చు. ఎక్కేలోపు ఇంజను తగిలితే? మార్విన్ కుడి చెయ్యి మోచేతి దాకా చక్రం వెనక ఉంది. అతను అటు తిరిగి ఉన్నాడు. పాడుతున్నాడు.

"మార్విన్! మార్విన్!"

వినిపించలేదు. ఎండలో ఇంజను నీడ పట్టాల మీదికి పాకుతూ వచ్చింది. పర్సిస్ పానా పారేసి, రెండు చేతులతో అతని నడుము బెల్టు పట్టుకుని, కాళ్ళు గోడకు తన్నిపెట్టి వెనక్కి లాగింది. పెద్ద శరీరం. కదలలేదు. అతను ఉలిక్కిపడి ఏమిటన్నట్టు తల తిప్పాడు. ఆమె ముఖం చూశాడు. ఏం చూశాడో గాని, అడగకుండా చెయ్యి గుంజుకున్నాడు. చొక్కా చెయ్యి ఎక్కడో పట్టుకుంది. ఇద్దరూ కలిసి లాగారు. గుడ్డ పర్రున చిరిగింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు గుంత అడుగున పడ్డారు.

పడుతుండగానే ఇంజను వచ్చి పెట్టెను గుద్దుకుంది. తల మీద ఆకాశం బద్దలైనట్టయింది. వరుసంతా ఒకదాన్నొకటి తోసుకుంటూ కదిలింది. చక్రం సగం చుట్టు తిరిగి ఆగింది. మార్విన్ చెయ్యి ఉన్న చోట చిక్కుకుని ఉన్న చొక్కా ముక్క బ్రేకు దిమ్మ కింద నలిగి, నల్లటి నూనెతో పట్టాకు అంటుకుపోయింది.

కొంతసేపు ఇద్దరూ ఆ గుడ్డ ముక్కనే చూశారు. మార్విన్ తన వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి, విప్పి చూసుకున్నాడు.

వాళ్ళు మెట్లెక్కి బయటికి వచ్చేసరికి ఇంజను డ్రైవరు కిందికి దిగి ఉన్నాడు. గుంతలోంచి మనుషులు రావడం చూసి ముఖం పాలిపోయి, ఇంజనుకు ఆనుకున్నాడు. సుందర్ రాజ్ పరుగున వచ్చాడు. ఆయన సంకలో నీలి జెండా ఇంకా అలాగే ఉంది. పేరు పలక దానికి వేలాడుతోంది.

"దేవా! మీరు కిందే ఉన్నారా? తల్లీ, దెబ్బలేమైనా తగిలాయా?" అని ఆమె భుజం పట్టుకోబోయాడు. పర్సిస్ వెనక్కి తగ్గింది.

"చదివారు కదా అంకుల్. నా పేరు చదివి కూడా తీశారు."

"అందుకే తీశానమ్మా!" అన్నాడు సుందర్ రాజ్. ఆయన గొంతులో మోసం లేదు, నిజమైన ఆశ్చర్యమే ఉంది. "ఆదివారం నువ్వు చెప్పాక, ఇంకెవడిదో అయితే వెతికించేవాణ్ణి. వాళ్ళు గొడవ చేస్తారు, యూనియన్ అంటారు. పేరు చూస్తే మన అమ్మాయిది. పని అయిపోయి తియ్యడం మర్చిపోయి ఉంటావనుకున్నా. ఒకవేళ నీకు కోపం వచ్చినా, సాయంత్రం ఇంటికొచ్చి చెప్పుకోవచ్చులే అనుకున్నా. నువ్వేమీ అనుకోవులే అని..."

పర్సిస్‌కు గుంతలో వెయ్యని భయం ఇప్పుడు వేసింది. ఆ పేరు ఆయన చేతిని ఆపుతుందని ఆమె నమ్మింది. ఆయన చెయ్యి చాపడానికి ధైర్యం ఇచ్చినదే ఆ పేరు. పరాయివాడి పేరు ఉంటే మార్విన్ చెయ్యి అంత ప్రమాదంలో పడేది కాదు. తన ఉపాయంతో, తన స్వహస్తాలతో, ఆ మనిషిని చక్రం కింద పెట్టినది తనే.

డ్రైవరు ముందుకు వచ్చాడు. "నీలి జెండా ఎవరు తీశారు? నాకు లైను ఖాళీ అని సైగ వచ్చింది. ఎవరు తీశారో నాకు ఇప్పుడే తెలియాలి. రేడియోలో చెప్పాలి," అన్నాడు ఇంగ్లీషులో.

సుందర్ రాజ్ అతని వైపు చూడలేదు. పర్సిస్ వైపే చూస్తూ తెలుగులో, వేగంగా, మెత్తగా మాట్లాడాడు.

"పర్సిస్, విను. వేసినవాళ్ళు తీస్తే తప్పు లేదు. జెండా నీది. నేనే తీశాను, మార్విన్ పైకొచ్చేశాడనుకున్నాను అని ఒక్క మాట చెప్పు. నీకు చిన్న వార్నింగ్ ఇస్తారు. దాన్ని నేను చూసుకుంటా. నేను తీశానని తెలిస్తే నన్ను జైలుకి పంపుతారు, తల్లీ. మీ ఆంటీ ఏమైపోతుంది? షాలేం రాజు ఏమైపోతాడు? సోమవారం పొద్దున్నే నీ పిటిషన్ వెళ్ళిపోతుంది, ప్రమాణం చేస్తున్నా. ఎవరికీ ఏమీ కాలేదు కదా. ప్రభువు కాపాడాడు. ఒక్క మాట."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నటన కాదు. పర్సిస్‌కు ఆయన మీద జాలి కలిగింది. జాలితోపాటు, ఆ మాట చెప్పేస్తే ఎంత తేలికగా ఉంటుందో కూడా తెలిసింది. డ్రైవరు రేడియో నొక్కుతాడు, రైలు వెళ్తుంది, అక్కడ మేళం మోగుతుంది. సాయంత్రానికి ఇంట్లో షాలేం రాజు ముఖం విప్పారుతుంది. పర్సిస్ పక్కనున్న ఇనుప స్తంభం పట్టుకుంది.

మార్విన్ ఆమె పక్కకు వచ్చాడు. చిరిగిన చొక్కాలోంచి అతని చెయ్యి భుజం దాకా బయటికి కనబడుతోంది. దాన్ని ఎడమ చేత్తో పొదివి పట్టుకున్నాడు, పసిబిడ్డను పట్టుకున్నట్టు.

"పర్సీ," అన్నాడు. "ఏమంటున్నాడు ఆయన?"

పర్సిస్ సుందర్ రాజ్ ముఖం చూసింది. తర్వాత మార్విన్ వేళ్ళు చూసింది. అవి ఇంకా ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉన్నాయి.

"జెండా తనే తీశానంటున్నాడు," అంది ఇంగ్లీషులో. గొంతు పీలగా వచ్చింది. డ్రైవరుకు కూడా వినబడాలని మళ్ళీ మొదటి నుంచి, గట్టిగా చెప్పింది. "నా పేరు చదివి తీశానంటున్నాడు. నేనైతే గొడవ చెయ్యనని తీశాడట. నేనే తీశానని, నువ్వు పైకి వచ్చావనుకుని తీశానని నన్ను చెప్పమంటున్నాడు. చెప్తే సోమవారం నా కాగితాలు పంపిస్తాడట." ఆమె మార్విన్ వైపు తిరిగింది. "ఇంకొకటి కూడా ఉంది మార్విన్. ఆయన ఇదివరకు కూడా ఒకసారి తీశాడు. అది నాకు తెలుసు. తెలిసి నీకు చెప్పలేదు."

మార్విన్ ఆమె వైపు చూసిన చూపును ఆమె భరించలేకపోయింది. కాని తల దించుకోలేదు.

డ్రైవరు రేడియో పెదవుల దగ్గర పెట్టుకున్నాడు. లైను ఆపమని, ఏ రైలూ కదపవద్దని, తనిఖీ అధికారులను పిలవమని చెప్పాడు.

"పర్సిస్, వద్దు. వద్దు తల్లీ," అన్నాడు సుందర్ రాజ్.

పర్సిస్ స్తంభాన్ని ఇంకా గట్టిగా పట్టుకుని, వద్దు తల్లీ అంటున్నాడని, అది కూడా ఇంగ్లీషులో చెప్పింది.